నలభై రెండో రోజు, మాల తీశాక

ప్రశ్న: మాది వరంగల్ పక్కన పల్లెటూరు. నేను హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా బాపుకు 47 ఏళ్ళు, ఏనుమాముల మార్కెట్లో హమాలీ. ఇరవై ఏళ్ళ నుంచి తాగుతాడు. చివరి ఏడెనిమిదేళ్ళు పొద్దున లేస్తూనే చెయ్యి సీసా మీదికి పోయేది. మొన్న కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారే బంద్ చేశాడు. మూడో రాత్రి చేతులు వణికి, గోడ మీద చీమలు పాకుతున్నాయని, తమ్ముడు బయట నిలబడి పిలుస్తున్నాడని కేకలు పెట్టాడు. (మా తమ్ముడు ఎనిమిదేళ్ళ కింద డెంగీతో పోయాడు.) గాలి సోకిందన్నారు. దవాఖానలో వేస్తే వారానికి కుదుటపడ్డాడు. దీక్ష పూర్తిచేసి కొండకు పోయి వచ్చాడు.

మాల తీసి మూడు నెలలైంది. తాగట్లేదు గానీ మనిషి మునుపటిలా లేడు. నిద్ర పోడు, పనికి పోడు, మాట్లాడడు. బస్సెక్కితే గుండె దడ అంటాడు. ‘నేనుండి ఏం లాభం’ అంటాడు. పోయిన నెల ఒక పెళ్ళిలో రెండు పెగ్గులు తాగాడు. పది నిమిషాల్లో ముఖం ఎర్రగా కంది, వాంతులు చేసుకుని, గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఈసీజీలో ఏం లేదన్నారు. తెల్లారి నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఇప్పుడు అమ్మ ‘తాగినప్పుడే నయముండె’ అంటోంది. ఆదివారం ఆదివారం ఒక క్వార్టర్ ఇస్తే నిద్ర పడుతుందని చిన్నబాపు సలహా. మెడికల్ షాపు నుంచి నిద్ర గోలీలు తెచ్చి రెండు నెలలుగా వేస్తున్నాం. తాగుడు మాన్పించే పొడి అని ఎవరో చెబితే అమ్మ అది కూడా తెచ్చి పెట్టింది. బాపుకు పిచ్చి పడుతోందా? మేం ఏం చేయాలి?

జవాబు:

బిడ్డా, నీ ఉత్తరంలో పెళ్ళి సంగతి ఒకచోట, పొడి సంగతి ఒకచోట రాశావు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే కథలా కనబడుతున్నాయి. అందుకే ముందు దాని గురించి.

ఇరవై ఏళ్ళు తాగిన మనిషి రెండు పెగ్గులకు, అదీ పది నిమిషాల్లో, అట్లా కూలబడడు. ముఖం కందడం, వాంతులు, గుండె దడ, ఇవి డైసల్ఫిరామ్ అనే గోలీ ఒంట్లో ఉండగా తాగితే వచ్చే లక్షణాలు. (మన దగ్గర రెంటికీ ‘మందు’ అనే అంటాం కదా, తికమక పడకుండా డాక్టర్ ఇచ్చేదాన్ని గోలీ అనే రాస్తాను.) తాగింది ఏదైనా, కాలేయం దాన్ని ముందు అసిటాల్డిహైడ్ అనే విషంగా మార్చి, ఆ వెంటనే ఆ విషాన్ని కూడా విరగ్గొట్టేస్తుంది. ఈ గోలీ ఆ రెండో పనిని ఆపేస్తుంది. విషం ఒంట్లో పేరుకుంటుంది. తెలిసి వేసుకునేవాడికి అదొక కాపలా. పొద్దున గోలీ వేసుకుంటే సాయంత్రం దుకాణం ముందు నుంచి పోతున్నా కాళ్ళు ఆగవు. తెలియకుండా కూరలో, చాయ్‌లో కలిపితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళయితే చనిపోవచ్చు కూడా. గోలీ ఆపేసిన తర్వాత రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉంటుంది కాబట్టి ‘మొన్న కలిపాను, ఇవాళ కలపలేదు’ అనే లెక్క పనికిరాదు. పైగా అది కొందరి మనసును కూడా కలత పెడుతుంది. ఇప్పటికే దిగులుతో ఉన్న మనిషికి అది ఇంకా చెడ్డది.

ఇట్లా గోలీలు నూరి తెలియకుండా కలపడం మన దగ్గర కొత్తేం కాదు. అమ్మను నిలదీయకు. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా అడుగు. ఆమె కలిపి ఉంటే, పెళ్ళి రోజు బాపు కూలబడ్డప్పటి నుంచి ఆ భయాన్ని ఒంటరిగా మోస్తూ ఉంటుంది. ఆ పొట్లం పారేయకండి, డాక్టర్‌కు చూపించాలి. బాపుకు కూడా చెప్పాల్సిందే, డాక్టర్ ముందు చెప్పండి. నేను ఒక డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌గా కూర్చున్న రోజుల్లో ఒకాయన వచ్చేవాడు. భార్య పప్పులో ఏదో కలుపుతోందని వేరేవాళ్ళ నోట విన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లో అన్నం ముట్టలేదు. బస్టాండు పక్కన బండి మీద ఇడ్లీ తిని ఇంటికి వచ్చి, భార్య పెట్టిన కంచాన్ని పిల్లల వైపు జరిపి, వాళ్ళు తింటుంటే చూసేవాడట. తాగుడు మానింది గానీ ఆ ఇంట్లో కంచం మీద నమ్మకం తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

రెండోది కూడా అర్జంటే. ‘నేనుండి ఏం లాభం’ అనే మాట. దాన్ని దాటవేయకు. పక్కన కూర్చుని ‘బాపూ, సచ్చిపోవాలనిపిస్తాందా?’ అని అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరూ భయపడతారు. అట్లా జరగదు. చాలామంది ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండని ఎదురుచూస్తూ ఉంటారు. అవునన్నా, ఎట్లా పోవాలో ఆలోచించి పెట్టుకున్నట్టు అనిపించినా, ఒంటరిగా వదలకండి. ఆ రోజే వరంగల్ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకి తీసుకుపోండి, బండి దొరకకపోతే 108. ఇంట్లో గానీ చిన్నబాపు ఇంట్లో గానీ పురుగుమందు, గడ్డిమందు డబ్బాలుంటే ఇవాళే తీయించి దూరంగా, తాళం వేసి పెట్టించండి. నిద్ర గోలీల స్ట్రిప్పు అమ్మ దగ్గరే ఉండాలి. అర్ధరాత్రి మాట్లాడేవాళ్ళు కావాలంటే 14416 ఉంది. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరుకు బాపే చేయాలని లేదు, నువ్వు కూడా చేయొచ్చు.

ఇక ఆ మూడో రాత్రి. గాలి కాదు, బాణామతి కాదు. తాడాట చూశావు కదా, ఇటు నలుగురు అటు నలుగురు లాగుతుంటే తాడు మధ్యలో కదలకుండా ఉంటుంది. తాగుడు రోజూ మెదడును మత్తు వైపు లాగుతుంది. మెదడు ఊరుకోదు, నిలదొక్కుకోవడానికి రెండోవైపు లాగడం నేర్చుకుంటుంది. ఏళ్ళ తరబడి లాగి లాగి అలవాటవుతుంది. ఒకరోజు ఇటువైపు వాళ్ళు తాడు వదిలేస్తే అటువాళ్ళు వెల్లకిలా పడతారు. వణుకు, చెమట, గుండె దడ, నిద్ర పట్టకపోవడం అదే. మానేసిన ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపు లేనివి కనబడడం, వినబడడం, ఎక్కడున్నామో తెలియకపోవడం. బాపుకు వచ్చింది ఇదే. దవాఖానకు తీసుకుపోకుంటే ప్రాణం పోయేది కూడా. మీరు సరైన పని చేశారు.

దీనికి ఒక తోక ఉంది. మళ్ళీ కొన్నాళ్ళు రోజూ తాగి మళ్ళీ ఒక్కసారే మానితే, వచ్చేసారి ఇంకా గట్టిగా రావచ్చు. కాబట్టి ఎప్పుడైనా బాపు రోజువారీ తాగుడులోకి జారితే ఇంట్లో కట్టడి చేసి మాన్పించకండి, నేరుగా దవాఖానకే. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఆర్ఎంపీతో గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం కూడా వద్దు. ఏళ్ళ తరబడి తాగి, తిండి తగ్గించినవాళ్ళలో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ముందు అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. తూలడం, కనుగుడ్లు సరిగ్గా కదలకపోవడం, అయోమయం కనబడితే క్షణం ఆగకూడదు.

ప్రతి కార్తీకంలో నాకు ఇదే బెంగ. పొద్దున లేస్తే చెయ్యి వణికే మనిషి కూడా నేరుగా పోయి మాల వేసుకుంటాడు. గురుస్వాములు కాస్త అడగాలి, ‘రోజూ ఎంత తాగుతావు స్వామీ, ఎప్పటినుంచి’ అని. ఎక్కువ అంటే పది రోజులు ముందు డాక్టర్ దగ్గరికి పంపి, ఆ తర్వాత మాల వేయాలి. అయ్యప్ప ఏమీ అనుకోడు.

అట్లాగని మాలను నేను తక్కువ చేయట్లేదు. నిజానికి మీ బాపు కథలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించింది ఆ 41 రోజులే. దేవుడి మహిమ అంటావా, నేను కాదనను. కానీ ఆ మహిమ ఏ ఏ పనుల్లో ఉందో చూడు. తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ళ స్నానం. పూట పూటకూ చేయాల్సిన పని. వేరే గ్లాసు, వేరే చాప. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు, అంటే సరిగ్గా రోజూ తాగే గంటల్లో, పదిమంది మధ్య కూర్చుని భజన. ‘అరే రా, ఒక్క పెగ్గు’ అని ఏ దోస్తూ అనడు. నల్లబట్టలు చూడగానే పర్మిట్ రూమ్ వాడు కూడా పక్కకు జరుగుతాడు. నిన్నటిదాకా ‘తాగుబోతు’ అన్నవాళ్ళే ‘స్వామీ’ అని పిలుస్తారు, పడిపూజలో కాళ్ళు మొక్కుతారు. డీ-అడిక్షన్ వార్డులో మేం నెల రోజులు కష్టపడి కట్టాలని చూసేది దాదాపు ఇదే.

నలభై రెండో రోజు పొద్దున ఏమైంది? మాల తీశారు. దాంతోపాటు నాలుగింటి స్నానం పోయింది, భజన పోయింది, ‘స్వామీ’ అనే పిలుపు పోయింది. సాయంత్రం ఆరయ్యేసరికి ఒక మనిషి, ఒక మంచం, ఒక గోడ. ఇన్నేళ్ళు ఆ గంటల్లో ఏం చేయాలో అతనికి ఆలోచించే పని పడలేదు. మీ ఇంట్లోవాళ్ళు ‘గండం గడిచింది’ అనుకున్నారు. అతనికి మాత్రం అసలు గండం అక్కడే మొదలైంది.

పనికి పోవట్లేదని రాశావు. ఒళ్ళు బరువని నువ్వు అనుకోవద్దు. మార్కెట్లో మిర్చి సీజన్‌లో హమాలీ గుంపు సాయంత్రానికి ఎక్కడ కూలి పంచుకుంటుందో బాపును అడుగు. చాలాచోట్ల ఆ లెక్క తేలేది వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో. మేస్త్రి అందరి ముందూ పైసలు తీస్తాడు, ఆ పైసల్లోంచే ఒక ఫుల్ బాటిల్ వస్తుంది. అక్కడికి పోతే తాగాలి, పోకపోతే పైసలు రావు. ఆ చిక్కు చెప్పుకోలేక ఇంట్లో కూర్చునే మనుషులను నేను చూశాను. మేస్త్రితో నువ్వో చిన్నబాపో మాట్లాడి బాపు వాటా ఫోన్‌పేలో పంపమనండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదట అరపూట పని, పొద్దటి పూట లారీలు. సాయంత్రం గంటల్లో ఏదో ఒకటి పెట్టుకోవాలి. గురుస్వామి భజన మాల లేకపోయినా వద్దనడు కదా, శని ఆదివారాలు పోనీ. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన సంఘం ఉంది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మన రాష్ట్రంలోనూ తెలుగులో మీటింగులు నడుస్తాయి. ‘నాకూ చీమలు కనబడ్డయ్’ అని ఇంకొకాయన నోట వింటే బాపుకు ఎంత బరువు దిగుతుందో డాక్టర్ మాటలతో అంత దిగదు.

ఇప్పుడు అమ్మ మాటకు వద్దాం. ‘తాగినప్పుడే నయముండె.’ ఆమెను తప్పు పట్టకు. ఆమె చూసింది నిజమే. తాగినప్పుడు మనిషి మాట్లాడేవాడు, ఏడ్చేవాడు, తిట్టేవాడు, నిద్రపోయేవాడు. ఇప్పుడు ఏదీ లేదు. ఆమె పొరబడింది కారణం దగ్గర. తాగుడు మానడం వల్ల ఈ జబ్బు రాలేదు. కొంత తాగుడే తెచ్చిపెట్టింది, కొంత తాగుడు కింద ఎప్పటినుంచో ఉంది, మూత తీయగానే కనబడుతోంది.

ఎంత ఏది అనేది కాలమే కొంత చెబుతుంది. మానేసిన మొదటి రెండు మూడు వారాల్లో దిగులు, చిరాకు, భయం దాదాపు అందరికీ ఉంటాయి. వాటిని చూసి డాక్టర్లు వెంటనే డిప్రెషన్ అని ముద్ర వేయరు. తాగుడు వల్ల వచ్చిన దిగులైతే నెల తిరిగేసరికి చాలావరకు తగ్గుతుంది. నిద్ర మాత్రం మొండిది, కుదురుకోవడానికి నెలలు పడుతుంది. మీ బాపుకు నాలుగు నెలలు దాటినా దిగులు తగ్గలేదు. దేని మీదా మనసు లేదు, బతుకు మీద కూడా. ఇది డిప్రెషన్ అయ్యే అవకాశం బాగా ఉంది. బస్సులో గుండె దడ యాంగ్జయిటీ, అంటే అదుపులో లేని భయం, కావచ్చు. పిచ్చి పట్టడం లేదు బిడ్డా. తాగుడుతో పాటు ఇట్లాంటివి జంటగా రావడం చాలా మామూలు. డిప్రెషన్, యాంగ్జయిటీ ఎక్కువగా చూస్తాం. కొందరికి భార్య మీద లేనిపోని అనుమానం, మానేసిన తర్వాత కూడా పోనిది. ఇంకొందరికి నాలుగు రోజులు నిద్రే అక్కర్లేనట్టు ఉరుకులు, గొప్పలు, అప్పులు, ఆ వెంటనే మంచం పట్టడం. అట్లాంటిది బాపుకు గానీ వాళ్ళ అన్నదమ్ములకు గానీ ఎప్పుడైనా ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, గోలీల ఎంపిక మారిపోతుంది. థైరాయిడ్, షుగర్, కాలేయం, బీ12 పరీక్షలు కూడా రాస్తారు, అవి తేడాగా ఉన్నా మనిషి ఇట్లాగే నీరసిస్తాడు.

ఒక పాత అలవాటు ఇంకా ఉంది, ‘ముందు తాగుడు పూర్తిగా పోనీ, మనసు సంగతి తర్వాత చూద్దాం’ అని. కొన్నిచోట్ల డాక్టర్లు కూడా అట్లాగే అంటారు. దిగులుకు చికిత్స లేకపోతే తాగుడు తిరిగి వస్తుంది, తాగుడు తిరిగొస్తే దిగులు గోలీలు సరిగ్గా పని చేయవు. రెండూ ఒకేసారి, వీలైతే ఒకే డాక్టర్ దగ్గర చూపించాలి. డిప్రెషన్ గోలీలు వేసిన రోజే పని చేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వాటికి తాగుడులా అలవాటు పడరు, కానీ మనంతట మనం ఒక్కసారే ఆపకూడదు. తాగాలనే గుంజుడు తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే గోలీలున్నాయి. బాపు కాలేయం, కిడ్నీలు చూసి ఏది ఇవ్వాలో డాక్టర్ తేలుస్తారు. డైసల్ఫిరామ్ కూడా వాటి పక్కనే ఉంటుంది, బాపు తెలిసి ఒప్పుకుంటేనే.

నిద్ర గోలీలు, చిన్నబాపు క్వార్టరు, రెండింటినీ నేను ఒకే గంపలో వేస్తాను. మెడికల్ షాపువాడు ఇచ్చింది అల్ప్రజోలామ్ అయి ఉంటే, అది మెదడులో పని చేసేది తాగుడు పని చేసే చోటే. డాక్టర్ చీటీ లేకుండా అది అమ్మకూడదు. దవాఖానలో వారం పాటు ఇచ్చి, కొలిచి తగ్గించిన గోలీలు ఆ కుటుంబానివే. అక్కడ అవి ప్రాణం కాపాడాయి, ఇంట్లో రెండు నెలలు వేస్తే కొత్త అలవాటవుతాయి. ఇది తెలంగాణకు తెలియని కథ కాదు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలామ్ లాంటి మత్తు పదార్థాలు కలిపి అమ్మారు, ఏళ్ళ తరబడి. 2015లో సర్కారు కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో దవాఖానలకు వచ్చారు. వాళ్ళు తాగింది కల్లే అనుకున్నారు పాపం, వదిలించుకోలేకపోయింది గోలీని. కాబట్టి ఆ స్ట్రిప్పు ఇవాళే చెత్తబుట్టలో వేయకు. రెండు నెలలు వేసి ఒక్కసారే ఆపితే మూడో రాత్రి మళ్ళీ రావచ్చు. డాక్టర్‌కు చూపిస్తే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

క్వార్టరు సంగతి చిన్నబాపు మంచికే చెప్పాడు. తాగితే తొందరగా కళ్ళు మూతపడే మాట నిజమే. తెల్లవారుజామున రెండు మూడింటికి మళ్ళీ తెరుచుకుంటాయి, ఆ తర్వాత గుండె దడ, తెల్లారేదాకా పొర్లడం. బాపు లాంటి మనిషికి వారానికొకటి అని లెక్క ఉండదు. ఆదివారం క్వార్టర్ బుధవారానికి జరుగుతుంది.

పెళ్ళిలో తాగిన రెండు పెగ్గుల వల్ల నాలుగు నెలలు నీళ్ళలో పోయాయని మాత్రం అనుకోకండి. ఒకసారి జారడం ఈ జబ్బులో మామూలు. అప్పుడు ఏం చేస్తామన్నదే ముఖ్యం. తెల్లారి నీ దగ్గర ఏడ్చాడని రాశావు. దాచకుండా నీ ముందు ఏడ్చిన మనిషిని దెప్పకండి. ‘ఎవరు పోశారు, ఏ పొద్దు, అంతకు ముందు ఏమనిపించింది’ అని అడగండి. ఎండాకాలం అంతా పెళ్ళిళ్ళే, దశమి దినాలే. దావత్‌కు పోతే తినేదాకా ఉండి, సీసాలు తెరవకముందే నీతోనో అమ్మతోనో బండెక్కి వచ్చేయాలి. అది ముందే అనుకుని పోవాలి.

‘తాగుబోతు’, ‘బానిస’ అనే మాటలు ఇంట్లో వాడకండి. నేను పైన రాశాను చూడు, నాకే నోట్లోంచి పోవట్లేదు. ఎయిమ్స్ వాళ్ళు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికి వచ్చింది. తాగుడుకు బాగా లోబడిపోయిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని తేలింది. మిగతా 37 మందినీ ఆపింది ఎక్కువగా ఆ మాటలే అని నా నమ్మకం.

ఎవరైనా ‘ఆరు నెలలు ఒక సెంటర్‌లో పడేయండి, గొలుసు వేసి అయినా మాన్పిస్తారు’ అంటే వినకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే గుర్తించింది, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మనిషి ఒప్పుకోనప్పుడు చేర్చుకోవడానికి కూడా అందులో పద్ధతి ఉంది, మొదట 30 రోజుల వరకే.

నువ్వు బాపుకు పోలీసువి కావు. రోజూ నోరు వాసన చూడడం, జేబులు వెతకడం మానేయ్. పరీక్షలు రాయి. అమ్మను వారానికొకసారి వాళ్ళ తల్లిగారింటికి పంపించు, ఒక రాత్రి అయినా నిద్రపోతుంది.

ఈ వారంలో ఒకరోజు ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఓపీకి పొండి. ‘నిద్ర కోసం చూపిద్దాం బాపూ’ అని తీసుకుపో, అబద్ధం కూడా కాదు. అప్పటి డిశ్చార్జి కాగితం, ఈసీజీ, నిద్ర గోలీల స్ట్రిప్పు ఖాళీదైనా సరే, అమ్మ తెచ్చిన పొడి, అన్నీ ఒక కవర్లో పెట్టుకో. చిన్నబాపును కూడా వెంట తీసుకుపో. క్వార్టర్ మాట డాక్టర్ ముందే చెప్పనీ.

ఒకటి మిగిలింది. తమ్ముడి గురించి నువ్వు బ్రాకెట్లో పెట్టి ఒక్క వాక్యం రాశావు. పేరు రాయలేదు. ఇంట్లో కూడా ఆ పేరు ఎవరూ పలకరేమో అనిపించింది. బాపు తాగుడు పొద్దటి పూటకు ఎక్కింది ఎప్పుడని నువ్వు రాశావో, తమ్ముడు పోయింది ఎప్పుడో, ఒకసారి లెక్క చూడు. ఒక తండ్రి ఎనిమిదేళ్ళ నుంచి ఏడవాల్సింది ఏడవకుండా ఉన్నాడు. మూడో రాత్రి ఒళ్ళు తెలియనప్పుడు అతను విన్నది ఆ పిల్లవాడి పిలుపే. దానికి గోలీ ఒక్కటే సరిపోదు. కౌన్సెలింగ్ అడగండి. అతను ఆ పేరు చెప్పి ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వినేవాళ్ళు కావాలి. ఇంట్లో కూడా ఒకరోజు వాడి ఫోటో తీసి తుడిచి, వాడికి ఏం ఇష్టమో మాట్లాడుకోండి. మీ ముగ్గురికీ ఏడుపొస్తుంది, రానీ.

ఓపీకి పోయేటప్పుడు డాక్టర్‌కు చెప్పాల్సినవి ఒక కాగితం మీద రాసుకుంటావు కదా, అక్కడికి పోయాక మర్చిపోతాం. మొదటి లైనులో తమ్ముడి పేరు రాయి.